సులైబియా మురుగునీటి కేంద్రం గేటు ముందు ఒక శుక్రవారం

మా తమ్ముడు సుధాకర్ కువైట్‌లో, సులైబియాలోని ఒక మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేస్తాడు. నేనూ ఇక్కడే, ఫర్వానియాలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. గురువారం మధ్యాహ్నం వాడి నుంచి మెసేజ్ వచ్చింది: "పంపు ఆగిపాయ. బాగు చేసేకి పోతాండాం అక్కా, మళ్లీ చేస్తా." ఆ తర్వాత వాడి ఫోన్ స్విచాఫ్. మురుగు నిలిచిన చోట పుట్టే విషవాయువు మనిషిని ఎంత త్వరగా పడగొడుతుందో చదువుకున్నదాన్ని. తెలియకపోయి ఉంటే కాస్తయినా నిద్ర పట్టేదేమో. తెల్లవారగానే బయలుదేరాను.

శుక్రవారం ఉదయం బస్సులు తక్కువ, దిగాక ఎండలో చాలా దూరం నడవాలి. అందుకని మూడు దినార్లకు టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవర్ ఖాదర్ భాయ్‌ది రాయచోటి. ఆరో రింగ్ రోడ్డు ఎక్కాక, "ఎవరక్కా ఆడ ఉండేది?" అని అడిగాడు.

"మా తమ్ముడు. నిన్నటి నుంచి ఫోన్ కలవడంలేదు."

అద్దంలో నా ముఖం చూశాడు. "చార్జింగ్ అయిపోయింటాదిలే" అన్నాడు. అంతవరకు నిదానంగా నడుపుతున్నవాడు ఆ మాట అంటూనే వేగం పెంచాడు. నాకు ఇంకా భయమేసింది.

గోదాములు, తోటలు దాటితే ప్లాంటు గేటు వస్తుంది. కారు అద్దాలు మూసినా వాసన లోపలికి వచ్చేస్తుంది. బంధువులను లోపలికి రానివ్వరు. సివిల్ ఐడీ చూపించి తమ్ముడి పేరు చెబితే, కాపలా మనిషి హిందీలో తనకు తెలియదన్నాడు. నిన్న ఒకరికి గ్యాస్ సోకి ఆసుపత్రికి తీసుకెళ్లారని మాత్రం చెప్పాడు. ఎవరని అడిగితే తల అడ్డంగా ఊపాడు. వెనక్కి తిరిగిపోబోతున్న ఖాదర్ భాయ్ ఇంజిన్ ఆపి దిగి వచ్చాడు. కాపలా మనిషితో ఉర్దూలో మాట్లాడి, "పనోళ్లుండే క్యాంపు ఎనకాలే ఉండాదంట, దా అక్కా" అన్నాడు.

క్యాంపు వంటగదిలో వంటమనిషి ఓబులేసన్న చపాతీలు ఒత్తుతున్నాడు. నేను పేరు చెప్పగానే కర్ర పక్కన పెట్టాడు.

"సుధాకర్ బాగుండాడమ్మా. గ్యాస్ కొట్టింది వాని రూమ్మేట్ గంగయ్యకు. బయటికి లాగింది మీవాడే. ఇద్దురూ ఆసుపత్రిలోనే ఉండారు."

"ఏ ఆసుపత్రన్నా?"

"ఫర్వానియాలోనే."

నా గది నుంచి పది నిమిషాల నడక. ఎవరి కోసం ఇంత దూరం వచ్చానో వాడు నా పక్క వీధిలోనే ఉన్నాడు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఓబులేసన్న నీళ్లిచ్చి, తమ్ముడి కోసం రెండు చపాతీలు చుట్టి ఇచ్చాడు.

ఖాదర్ భాయ్ నన్ను ఫర్వానియా ఆసుపత్రి దగ్గర దింపాడు. వరండాలో సుధాకర్ మురుగు ఎండిపోయిన బట్టలతోనే కూర్చుని ఉన్నాడు. చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ.

"దగ్గరికి రావాకక్కా, కంపు" అన్నాడు. నేను వెళ్లి పక్కనే కూర్చున్నాను.

"ఒక ఫోన్ చేయకూడదారా?"

"ఫోన్ పంపు గుంతలో పడిపాయ. నీ నంబరు నాకు నోటికి రాదు, గంగయ్యను ఇడిసి నీ రూముకు రాలేకపోతి." నేనిచ్చిన చపాతీల పొట్లం పక్కన పెట్టి జరిగింది చెప్పాడు. "పంపులో గుడ్డలు చుట్టుకున్యాయి. గ్యాస్ ఎంతుండాదో చూసే మీటరు పెట్టకముందే గంగయ్య దిగినాడు. దిగినోడు దిగినట్టే పడిపాయ. నేనూ దూకబోతే ఫోర్‌మన్ కాలర్ పట్టుకుని ఆపినాడు. గాలి సిలిండర్ తగిలిచ్చి, నడుముకు తాడు కట్టినాకనే దింపినాడు. ల్యాకుంటే ఇద్దురం పోయింటిమి."

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు నర్సు పిలిచింది. గంగయ్య కళ్లు తెరిచాడు. మాస్కు కింద నుంచి ఏదో గొణిగితే తమ్ముడు వంగి విన్నాడు. "పంపు తిరగతాందా అని అడగతాండాడక్కా" అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు వాడికి అప్పుడు వచ్చింది.

ఆ పని మానేయమని అడిగాను. "ఇఖామా వాళ్ల మీదనే ఉండాది గదా" అన్నాడు. ఇక్కడ ఉండే అనుమతి కంపెనీ పేరు మీదే; పని మానితే అదీ పోతుంది. శనివారం మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. మనం వాడి వదిలేసిన నీళ్లు తిరిగి పనికొచ్చేలా మారడానికి ఎవరో ఒకరు ఆ గుంతలోకి దిగాల్సి వస్తుందని నాకు తెలుసు. ఆ ఒకరు మన ఇంటివాడైనప్పుడు మాత్రం, వాడి షిఫ్టు ముగిసేదాకా నాకు పని మీద ధ్యాస నిలవడంలేదు. గంగయ్య ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. మొన్న నాతో ఫోన్‌లో మాట్లాడాడు కూడా.

మీవాళ్లు ఇలాంటి చోట పనిచేస్తుంటే, మీ నంబరు కాగితం మీద రాసి వాళ్ల క్యాంపు వంటగది గోడకు అంటించి రండి.