రాజమండ్రి నుంచి తిరుపతికి మూడే నిమిషాలు

మా కాలంలో దూరాన్ని కాళ్లు కొలిచేవి, ఇప్పుడు బొటనవేలు కొలుస్తోంది. మా మనవడు ఫోను మీద వేలు జరిపి, రాజమండ్రి నుంచి తిరుపతికి విమానంలో గంట చాలు తాతయ్యా అంటాడు. తనిఖీలో బెల్టు విప్పి నిలబడటం, దిగాక సామాను కోసం పడిగాపులు కాయడం ఆ గంటలో లేవట. మరి ఎవరి లెక్కలో ఉన్నాయి? అసలు ఆ రెండు ఊళ్ల పేర్లు కలిపి వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మండదా మరి, వాటి మూలంగానే నా మొదటి ఉద్యోగం ఊడింది.

అప్పుడు నేను జూబ్లీహిల్స్‌లో ఒక దర్శకుడి దగ్గర నాలుగో అసిస్టెంటుని (ఐదోవాడు లేడు). బడి చదువు ఎనిమిదితో ఆగినా, లైబ్రరీలో అట్లాసులు తిరగేసిన పొగరుండేది. సినిమా చివరి సన్నివేశం ఇదీ: తిరుపతిలో హీరోయిన్ పెళ్లిపీటల మీద ఉంది. మంగళసూత్రం పెట్టిన పళ్లెం అక్షింతలు వేయడానికొచ్చిన వాళ్లందరి చేతా తాకించడానికి తిరుగుతోంది. రాజమండ్రిలో హీరోకి అప్పుడు కబురందుతుంది. విమానం ఎక్కుతాడు, దిగుతాడు, తాళి ఆపుతాడు. అంతా కలిపి మూడు నిమిషాలు. నేను ఊరుకోవచ్చు కదా. మ్యాపు మీద దారం పరిచి కొలిచాను. టిక్కెట్ల ఆఫీసుకు వెళ్లి అడిగితే నేరుగా విమానమే లేదు, హైదరాబాదులో దిగి మారాలన్నారు. హీరో చేరేసరికి పెళ్లివారు విస్తళ్లు కూడా ఎత్తేసి ఉంటారని, జనం నవ్వుతారని అందరి ముందూ చెప్పాను.

దర్శకుడుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కడంటే ఒక్కడు నవ్వాడని వచ్చి చెప్పు నాయనా, నిన్నే మొదటి అసిస్టెంటుని చేస్తాను. అప్పటిదాకా ఈ గుమ్మం తొక్కకు."

విడుదలైన రోజు, సాక్ష్యానికని మా సినిమా కంపెనీ డ్రైవరుని (రహమత్ నగర్ మనిషి) వెంటబెట్టుకుని ఎర్రగడ్డలో ఆటకు వెళ్లాను. నవ్వు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. పళ్లెం బయల్దేరింది. హీరో విమానం మెట్లెక్కాడు. ఒక్కడూ నవ్వడేం? డ్రైవరుని మోచేత్తో పొడిచి, హైదరాబాదులో మారాలి కదయ్యా అన్నాను.

"జర ఊకో అన్నా," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. "గాడ పిల్ల మెడల తాళి పడేటట్టున్నది."

నిజమే. పళ్లెం చివరి ముసలావిడ దాకా వచ్చేసింది. పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. దిగు, త్వరగా దిగు అని ఎవడో గొంతు చించుకుంటున్నాడు. ఎవడా పిచ్చివాడని చూద్దును కదా, అందరూ నావైపే తిరిగి ఉన్నారు. నేను కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాను. హాలంతా ఒక్కసారిగా నవ్వింది.

"నవ్విన్రు గదనే, పోయి చెప్పు," అన్నాడు డ్రైవరు బయటికొచ్చాక.

వెళ్లాను. నవ్వారండీ అన్నాను. ఎవర్ని చూసి అని అడిగారాయన. అబద్ధం నాలుక దాకా వచ్చింది గాని, ఉన్నదున్నట్టే చెప్పాను. "రేపట్నుంచి రా," అన్నారు. మొదటి అసిస్టెంటుగా కాదు, నాలుగోవాడిగానే.

ఆ విమానం ఇప్పటికీ తప్పే, ఎవరైనా రండి, వాదిస్తాను. కాకపోతే ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా తలుపు వేసుకుని ఒక్కణ్ణే చూస్తాను.