కారు లేని ఇంటికి త్రీ ఫేజు

ఒకరి కారు చూసి నా ఇంటి గోడ తవ్వించుకుని, పెరట్లో గుంత తీయించి, చివరికి పాస్టరుగారి ఎదుట దొంగలా నిలబడిన వైనం చెబుతాను. నవ్వుకోండి. మీకూ ఒక తోడల్లుడు ఉంటే మాత్రం కాస్త మెల్లగా నవ్వండి.

నా తోడల్లుడు ప్రభాకర్, అంటే మా ఆవిడ సుగుణ చెల్లెలి మొగుడు. కృష్ణపట్నం రేవులో ఉద్యోగం, మనుబోలులో కాపురం. నేను వెంకటాచలంలో ఎరువుల కొట్టు పెట్టుకుని స్కూటరు మీద తిరిగే పెద్దల్లుణ్ణి. పెద్దరికమంతా నాదేనని హాయిగా ఉండగా, ఆ మహానుభావుడు కరెంటు కారు కొన్నాడు. అది పిల్లిలా వచ్చి మా గేటు ముందు ఆగింది. కాస్త చప్పుడైనా చేసి ఉంటే ఓర్చుకునేవాణ్ణేమో!

నెల్లూరు నుంచి అందులో ముందు సీట్లో కూర్చుని వచ్చిన మా అత్తమ్మ దిగుతూనే, "ఏం సుఖం నాయనా! ఊయల్లో ఊగినట్టే ఉండాది. పెద్దల్లుడి స్కూటరెక్కితే నడుం పట్టుకుంటాది," అంది. నాకు కడుపులో మంట మొదలైంది. మజ్జిగ తాగినా తగ్గలేదు, మాత్ర వేసుకున్నా తగ్గలేదు.

కారు కొనే తాహతు నాకు లేదు. కుళ్ళుకునే తాహతు మాత్రం పుష్కలంగా ఉంది. ఆలోచించగా ఆలోచించగా ఒక మహత్తరమైన ఉపాయం తట్టింది. కారు లేకపోతేనేం, గోడకి చార్జరు ఉంటే చాలదా? అది చూసినవాళ్ళు కారు దారిలో ఉందనే అనుకుంటారు కదా! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. నాకు ఆలు ఉంది కాబట్టి ఆ సామెత నాకు వర్తించదని సరిపెట్టుకున్నాను.

ఎలక్ట్రీషియన్ మస్తాన్ వచ్చి మా పాత ఫ్యూజుల పెట్టె తెరిచి చూశాడు.

"ఇది సింగిల్ ఫేజన్నా. చిన్న చార్జరైతే దీనికే లోడు పెంచుకోవచ్చు. ఏం కారు?"

"పెద్దది."

"ఎంత పెద్దదన్నా?"

"మా ప్రభాకర్ కారు కంటే పెద్దది!"

ఆ కొలతకైతే త్రీ ఫేజే కావాలన్నాడు. దరఖాస్తు పెట్టాం, కొత్త మీటరు వచ్చింది. స్తంభం నుంచి కొండచిలువంత కేబులు లాగారు. హాలు గోడ చీల్చి కొత్త బోర్డు బిగించారు. ఎర్తు కోసం పెరట్లో గుంత తీస్తూ, సుగుణ ప్రాణంగా పెంచుకున్న కరివేపాకు చెట్టును పెళ్లగించారు. కరెంటు ఇంకా ఇవ్వకముందే ఆమె చూపుకి నాకు షాకు కొట్టింది.

"ఇంతకీ కారు యాడ?" అని నిలదీసింది.

మస్తాన్ కూడా పని ఆపి నా నోటి వంకే చూస్తున్నాడు.

"ఓడలో వస్తా ఉండాది," అనేశాను. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు.

సుగుణ వాళ్ళమ్మకి ఫోను చేసింది. వాళ్ళమ్మ చిన్న కూతురికి చేసింది. సాయంత్రానికల్లా ప్రభాకర్ నాకు చేశాడు.

"ఏందన్నా, కారు ఓడలో వస్తా ఉండాదంట! మా రేవుకేనా? ఓడ పేరు చెప్పండి, దగ్గరుండి దింపిస్తా."

"పేరు... మనకు నోరు తిరగదులే ప్రభాకర్."

అంతటితో వదిలాడా? రోజూ ఫోనే. "అన్నా, ఇయ్యాల వచ్చిందాంట్లో బొగ్గుండాది." "అన్నా, ఈ ఓడలో వంటనూనె." అది వెటకారమో అభిమానమో తెలియక కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

ఈలోగా అత్తమ్మ ఇంకో ఘనకార్యం చేసింది. కారు రావడం ఎటూ ఖాయమే కదా అని, ఆదివారం ఆరాధన కాగానే మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించి, పాస్టరుగారినీ చుట్టాలనూ పిలిచేసింది. సుగుణ పోర్టికో గోడకి బిగించిన చార్జరుకి ఎర్ర రిబ్బను కట్టింది. పాస్టరుగారు వచ్చి చుట్టూ చూశారు.

"ప్రార్థన దేనిమీద చెయ్యాల నాయనా? బండి యాడుండాది?"

అందరూ నావైపు తిరిగారు. ఇన్నేళ్ళ పెద్దల్లుడి పరువు ఒక్క జవాబు మీద ఆగింది. ఓడ ఆలస్యమైందని చెప్పబోతూ నోరు తెరిచాను.

అప్పుడు ప్రభాకర్ లేచాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇంక దాచొద్దులే అన్నా, నేనే చెప్పేస్తా. అయ్యగారూ, కారు రాదు. మాది బాడుగిల్లు, ఓనరు చార్జరు పెట్టనీడు. నేను పడే అగచాట్లు చూడలేక అన్న నాకోసరం ఇదంతా చేయించినాడు. ముందే తెలిస్తే ఒప్పుకోనని ఓడ కథ చెప్పినాడు."

"ఇట్టాంటి అల్లుడు ఎవురికుండాడు!" అంటూ అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాస్టరుగారు చార్జరు మీద చెయ్యి పెట్టి, అసూయ అంటే ఎరగని ఈ గృహస్థుణ్ణి దీవించమని సుదీర్ఘంగా ప్రార్థించారు. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే. సుగుణ ఒక్కతే కళ్ళు మూసుకోకుండా నన్నే చూస్తోంది.

భోజనాలయ్యాక ప్రభాకర్‌ని పక్కకు లాగాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఓడ పేరు అడిగినప్పుడే అన్నా."

"మరి నా పరువెందుకు కాపాడినావు?"

తల గోక్కున్నాడు. "నేను కారెందుకు కొన్నాననుకుంటుండారు? మీకు సొంతిల్లుండాదని! పెళ్లైనకాడి నుంచి అత్తమ్మ నోట 'పెద్దల్లుడు ఇల్లు కట్టినాడు' అని ఒకటే పాట. కుళ్ళి కుళ్ళి చచ్చినా. ఆ మంట ఎట్టుంటాదో నాకు తెల్దా అన్నా?"

అబ్బ! నన్ను చూసి ఒక మనిషి కుళ్ళుకున్నాడు! అదీ కారున్న మనిషి! పుట్టి బుద్ధెరిగాక అంత కమ్మటి మాట నేను వినలేదు. ఆ ఆనందంలో ఒళ్ళు మరిచి, "రోజూ వచ్చి చార్జింగు పెట్టుకోరా," అనేశాను.

వస్తున్నాడు. రోజూ వస్తున్నాడు. కారు మా పోర్టికో నీడలో ఉంటుంది, నా స్కూటరు ఎండలో ఉంటుంది, బిల్లు నా పేరు మీద వస్తుంది. అసూయ ఎరగని గృహస్థుణ్ణి కదా, కిక్కురుమనే హక్కు లేదు.

కాబట్టి, సకల తోడల్లుళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరిని చూసి కుళ్ళుకున్నా సింగిల్ ఫేజులోనే కుళ్ళుకుంటాను. త్రీ ఫేజు కుళ్ళుని మా ఇంటి వైరింగు తట్టుకుంది గానీ, నేను తట్టుకోలేను.