డూప్లికేట్ సరుకనుకున్నాను

ఆటోనగర్‌లో బతుకంతా లారీ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. డూప్లికేట్ స్పేర్ పార్టు వేస్తే బండి నడిరోడ్డు మీద ఎలా మొరాయిస్తుందో నాకు తెలుసు. అరవై దాటాక మా ఆవిడ రమణమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకుని, ఈ సంగతి సొంతంగా రాస్తున్నాను.

పోయిన వేసవిలో ఆవిడకి షుగరు పరీక్ష చేయించి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. గది బయట గోడ మీద "జనరిక్ మందులు వాడండి" అని రాసి ఉంది. కూడబలుక్కుని చదివేసరికి ఒళ్లు మండింది; కంపెనీ పేరు లేని చవక బిళ్లలంటే డూప్లికేటేనని నా లెక్క. లోపలికి వెళుతూనే అరిచాను.

"చూడండమ్మా, పేరున్న కంపెనీ బిళ్లలు మింగబట్టే మా ఆవిడ ఈ మాత్రం తిరుగుతోంది. డూప్లికేట్ సరుకు రాశారంటే ఊరుకోను!"

బయట కూర్చున్న రోగులంతా తలుపులోంచి తొంగిచూశారు. డాక్టరమ్మ మాత్రం రిపోర్టు చూసి, "షుగరు చక్కగా అదుపులో ఉందే! ఏం మందు వాడుతున్నారమ్మా?" అని రమణమ్మని అడిగింది.

ఆవిడ సంచిలోంచి బిళ్లల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఏడాది నుంచీ జనరిక్కేనండీ. చెబితే ఈయన ఇదిగో, ఇలా వీరంగం వేస్తారని చెప్పలేదు."

తలుపు దగ్గర ఒకటే నవ్వులు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"లోపలి మందు అదేనండీ, పైన పేరే వేరు," అంది డాక్టరమ్మ.

నాతో వాదించి గెలిచినవాడు ఆటోనగర్‌లోనే లేడు. రమణమ్మ వాదించనే లేదు, ఆరోగ్యంగా ఉండి చూపించింది. ఇప్పుడు నా బీపీ బిళ్లలూ ఆవిడే తెస్తోంది. ఏ షాపులోవని నేను అడగడం లేదు.