రాజమౌళి మెడ, డాక్టరు గడ్డం

సుబేదారిలో రాజమౌళి సెలూన్‌కు జనం కటింగ్ కోసం వచ్చేవారంటే సగమే నిజం. కటింగయ్యాక తలను రెండు చేతులా పట్టి అటొకసారి, ఇటొకసారి టక్కుమనిపించేవాడు చూడండి, దానికోసం వచ్చేవారు. ఇందరి మెడలు విరిచిన మహానుభావుడు తన మెడను ఊరికే వదిలేస్తాడా? రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి తనకు తానే విరుచుకునేవాడు. ఒకరోజు టక్కుమన్నాక భుజం నుంచి వేళ్లదాకా కరెంటు పాకినట్టు జిల్లుమంది.

కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. కత్తి పట్టు తప్పి, ఎన్నో ఏళ్లుగా వస్తున్న కిషన్ రావు చెంప తెగింది. పెద్దాయన మరుసటి వారం నుంచి ఎదురు దుకాణానికి వెళ్లసాగాడు. రాజమౌళిని మెడనొప్పి కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. కత్తి పట్టలేకపోతే ఈ దుకాణం ఎందుకని దిగులుపడ్డాడు.

మందులు, ఫిజియోథెరపీ పనిచేయలేదు. మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని డాక్టర్ హరీష్ స్కానింగ్ చూసి చెప్పాడు. మెడ వెనక చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టంలోంచి కెమెరాతో చూస్తూ ఆ ముక్క తీసేస్తానన్నాడు.

"మెడ మీద కత్తా సార్?" రాజమౌళికి చెమటలు పట్టాయి.

"రోజూ మంది మెడల మీద కత్తి పెడ్తవు, నీకెందుకయ్యా ఫికర్?" అంది భార్య వినోద.

ఆపరేషనైన మర్నాడే ఇంటికొచ్చాడు. వినోద ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే గాటు గోరంత కూడా లేదు. "గిదేనా? కిషన్ రావు సారుకు నేను పెట్టిందే పెద్దగుంది" అని మూతి ముడిచాడు. నొప్పి పోయింది. తిమ్మిరి మెల్లగా తగ్గుతుందనీ, మెడలు విరవడం మాత్రం తనదీ పరాయివాళ్లదీ బంద్ అనీ డాక్టరు గట్టిగా చెప్పాడు.

చిన్నప్పుడు పని నేర్చుకున్నట్టే మళ్లీ బెలూన్లు ఊది, ఆ గాలిబుగ్గలకు నురగ రాసి, కత్తితో గీయడం మొదలుపెట్టాడు. మొదట్లో అవి టప్పున పేలి వినోద ముఖమంతా నురగయ్యేది. కొన్ని వారాలకు పేలడం ఆగింది. అయినా మనిషి గడ్డం మీద కత్తి పెట్టే ధైర్యం రాక కటింగులతోనే సరిపెట్టుకున్నాడు.

ఒక ఆదివారం డాక్టర్ హరీష్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గడ్డం చెయ్యన్నా."

"మెషీన్‌తోటి చేస్త సార్."

"కత్తితోనే. అప్పుడు నీ మెడ నా చేతుల పెట్టినవ్. ఇప్పుడు నా మెడ నీ చేతుల ఉన్నది" అంటూ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

నురగ రాసి కత్తి అందుకున్నాడు రాజమౌళి. వేళ్లు మాట విన్నాయి. చిన్న గాటు కూడా పడలేదు. సంతోషంతో రాజమౌళి కళ్లు చెమ్మగిల్లాయి.

డాక్టరు చెంప నిమురుకుని, "ఒంగి ఒంగి ఆపరేషన్లు చేసి నా మెడ పట్టేసిందన్నా, జర ఇరువరాదే?" అని కన్ను కొట్టాడు.

"బంద్ సార్. దవాఖానకు పోయి చూపిచ్చుకోండ్రి."

ఎదురు దుకాణం బెంచీ మీద తన వంతు కోసం ఎదురుచూస్తున్న కిషన్ రావు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, రోడ్డు దాటి వచ్చి, డాక్టరు లేచిన కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు గూడ కత్తితోనే రాజమౌళీ" అన్నాడు.