తుపాకీకి బొట్టు

నిన్న వడ్రంగి షాపులో అవిసె నూనె వాసన తగలగానే సల్వా పేట గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కువైట్‌లో మా నాయన డ్రైవరుగా చేసిన, మేమంతా ఉన్న ఇల్లు అక్కడే. ఇంటి యజమానిని బాబా అనేవాళ్లం. ఆయన పాత మౌజర్ వేట తుపాకులు కొని, వాటికి కొత్త చెక్క పిడులు చెక్కి, అరచేత్తో నూనె పట్టించేవాడు.

మా కడపలో దసరాకి పనిముట్లకు నూనె రాసి బొట్టు పెడతారు. బాబా బొట్టు మరిచాడనుకుని, పండగనాడు నూనె ఆరని పిడికి నేనే కుంకుమ పెట్టాను.

“ఎంత పని చేస్తివే! మన ఇఖామా ఖలాస్! ఇంక మనల్ని ఈ దేశంలో ఉండనీరు!” అంది అమ్మ.

బాబా మరకను చూశాడు, నన్ను చూశాడు, దాని మీదే మళ్లీ నూనె రాశాడు.

ఇంకో తుపాకీ తయారైన రోజు నన్ను పిలిచి, చెక్క మీద వేలు ఆనించి అరబ్బీలో ఏదో అన్నాడు. అమ్మ అప్పటికే కుంకుమ భరిణె దాచేసింది. బొట్టు పెట్టమన్నాడో, పెట్టొద్దన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.