ఆవకాయ సీసా, రబ్బరు రెక్కలు

మా మేనత్త ఏ వస్తువు కొన్నా ముందు అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పైకీ కిందికీ ఆడించి చూసేది. భీమవరంలో కిరాణా కొట్టు నడిపిన చెయ్యి అది. అండమాన్ సముద్రంలో మునిగి స్కూబా చేస్తానన్నప్పుడూ అంతే. గాలి సిలిండరు, సూటు అక్కడే అద్దెకిస్తారు. ముఖానికి మాస్కు, కాళ్లకు పొట్టి రబ్బరు రెక్కలు మాత్రం చవకవి, తేలికవి ఏరి కొనుక్కుంది.

ప్రయాణం రోజు విమానానికి బ్యాగు బరువెక్కువైంది.

"ఆ రెక్కలు తీసేయండి వదినగారూ. ఈ వయసులో ఏంటండీ ఇది?" అంది అమ్మ.

అత్త రెక్కలు ముట్టుకోలేదు. అమ్మ సర్దిన ఆవకాయ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"తిరిగొచ్చాక తింటాలే ఆవకాయ. సముద్రం మనింటికి రాదుగా!"

తోడు వెళ్లాల్సిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "నేను రాలేనత్తా. నీళ్లలో నాకేమైనా అయితే నా పాప ఏమైపోతుంది? భయంగా ఉంది."

అత్త నా చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆడించింది.

"భయానికి బరువుండదు కదే. అదీ తెచ్చుకో, పద."

వెళ్లాను. మునిగాను. తేలాను.

అత్త ఇప్పుడు లేదు. ఈ సెలవులకు ఆవిడ మాస్కు నా బ్యాగులో ఉంది. వద్దంటున్న వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను: ఆవకాయ ఇంట్లోనే ఉంటుంది, నేను వెళ్తున్నాను.