డాక్టరమ్మ ముందు అక్క ఇంగ్లీషు

ఈ క్రిస్మస్‌కు కోడలు అరిసెల పాకం పడుతుంటే, ఆ కాగిన బెల్లం వాసన నన్ను తర్లుపాడు దగ్గర మా పల్లెకు, దొరల కాలంలో నాయన చదువు చెప్పిన మట్టిగోడల మిషన్ బడికి తీసుకుపోయింది. బయట కొర్రచేల మీద ముసురు పట్టి ఉంటే, అమ్మ సజ్జరొట్టెలు కాలుస్తుంటే, నాయన పొయ్యి పక్కన కూర్చుని మా అక్క శాంతమ్మ చేత ఇంగ్లీషు వల్లె వేయించేవాడు. ఆయన దగ్గరున్నది ఒక్కటే ఇంగ్లీషు పుస్తకం. అట్ట ఊడిపోయి, ఎప్పుడు అచ్చయిందో చెప్పే మొదటి పేజీలు కూడా లేనిది.

అక్కకు నర్సు కావాలని ఆశ. పండుగ నెలలో దొరసాని డాక్టరమ్మ మార్కాపురం వచ్చి, ఇంగ్లీషులో మాట్లాడించి ఆడపిల్లల్ని నర్సు చదువుకు ఎంచుకుంటుందని తెలిసినప్పటినుంచి నాయనకు ఒకటే దిగులు: పుస్తకంలో ఉన్న మాటలు దొరలు ఇంకా మాట్లాడుతున్నారా, మానేశారా? అడుగుదామంటే చుట్టుపక్కల ఎవరున్నారు? స్టేషను మాస్టరును అడిగితే ఆయన, "నాకు తంతి మాటలే వచ్చు పంతులూ, మర్యాద మాటలు నాకేం తెలుసు?" అన్నాడు.

ఎంపిక రోజు మార్కాపురంలో అక్క నూనె రాసి బిగించి జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబడి, "ప్రే మేడమ్, డెయిన్ టు హియర్ మి" అంది. అమ్మా, దయతో నా మాట ఆలకించండి అని దానర్థం. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. వచ్చీరాని తెలుగులో, "మా అవ్వ ఇట్ల మాట్లాడేది, పాపా. ఇప్పుడు ఎవరూ అనరు" అంది. ఆ తర్వాత ఆమె ఎంత మెల్లగా అడిగినా అక్కకు నోరు పెగల్లేదు. ఏ మాట అంటే మళ్లీ నవ్వుతుందోనని అక్క భయపడుతుంటే, నా చేయి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడిన నాయన, చెప్పమ్మా అని కూడా అనలేకపోయాడు.

బండిలో తిరిగి వస్తూ అక్క, "నాయనా, అన్నీ అట్లాంటి మాటలేనా?" అని అడిగింది.

"ఏది ఉండాదో, ఏది పోయిందో నాకెట్ల తెలుస్తాది తల్లీ?" అన్నాడు నాయన.

సెలవుల తర్వాత బడిలో ఆయన అదే పుస్తకం తీశాడు, వేరేది లేదు గనక. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి, పిల్లల ముఖాలు చూసి, మళ్లీ అదే చెప్పాడు. అక్క పెళ్లయి చేలల్లో కూలికి పోయింది.

ఇప్పుడు ఆ బడీ లేదు, నాయనా లేడు. అక్క నిరుడు పోయింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో నర్సు పిల్ల వంగి, "పెయిన్ ఉందా అవ్వా?" అని అడిగింది. అక్కకు తెలిసిన మాటే. అయినా జవాబు చెప్పకుండా నా వైపు చూసింది.

ఉందని నేనే చెప్పాను.